మేము ఆడుకుందామా

మూడో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఒకటి ఇంకా నా దగ్గర ఉంది. అందులో టీచర్ల అభిప్రాయానికి రెండు గళ్లు. మొదటిదాంట్లో ఉదయం టీచరుగారి చేతిరాత: "మాటకారి. పక్కవాళ్లను రాసుకోనివ్వదు." రెండోదాంట్లో మధ్యాహ్నం మిస్ ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెప్తే, "చాలా నెమ్మది. అడిగితే తప్ప నోరు విప్పదు" అని. అమ్మ రెండూ చదివి, కార్డు తిప్పి, పైనున్న పేరు నాదేనా కాదా అని చూసుకుంది.

మా బడిలో చదివినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. మధ్యాహ్నం గంట దాకా తెలుగు, గంట తర్వాత ఇంగ్లీషు. భాషను ఒక పీరియడ్‌లో నేర్పి వదిలేయడం కాదు. లెక్కలైనా, సైన్సైనా, బొమ్మలు గీయడమైనా ఆ పూట ఏ భాషో ఆ భాషలోనే. గంట మోగితే నా నోరు పడిపోయేది. సరిగ్గా అప్పుడే నా బెంచీలో కూర్చునే పిల్లాడికి నోరు లేచేది. వాళ్లింట్లో ఇంగ్లీషే. పొద్దున్నంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాడు, గంట కొట్టాక మిస్ ఆపినా ఆగేవాడు కాదు. క్లాసులో సగంమందిమి తెలుగిళ్ల పిల్లలం, సగంమంది ఇంగ్లీషిళ్ల పిల్లలు. ఇద్దరిద్దరిని కలిపి కూర్చోబెట్టింది కావాలనే అని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ వెలగలేదు.

మిస్‌కి తెలుగు ఒక్క ముక్క రాదని మూడేళ్లు నమ్మాను. నేను తెలుగులో అడిగేదాన్ని, ఆవిడ ఇంగ్లీషులో జవాబిచ్చేది. తెలుగు రాకపోతే నా ప్రశ్న ఎలా అర్థమైందన్న అనుమానం ఒక్కనాడూ రాలేదు, చూడండి! ఐదో తరగతిలో ఒకరోజు వరండాలో ఆవిడ ఫోన్లో ఎవరినో తెలుగులో దులిపేస్తుంటే విన్నాను. నాకంటే మంచి తెలుగు. ఆ సాయంత్రమంతా మోసపోయినట్టే ఉంది. అదీ ఆ పద్ధతిలో భాగమేనట. పిల్లలు ఏ భాషలో అడిగినా ఫరవాలేదు, టీచరు మాత్రం తన పూట భాష దాటకూడదు.

ఇప్పటికీ నేను అందరికీ చెప్పే సంగతి మాత్రం భిన్నాలది. ఉదయం టీచరుగారు "నాలుగింట మూడు వంతులు రాయండి" అన్నారు. నా పక్కవాడు 4 పైన వేసి, గీత గీసి, 3 కింద వేశాడు. ఇంగ్లీషులో ముందు వినబడే అంకె పైకి వెళ్తుంది కదా, వాడి చెయ్యి అలాగే వెళ్లింది. నేను తెగ నవ్వాను. మధ్యాహ్నం మిస్ "త్రీ ఫోర్త్స్" అంది. తెలుగులో ముందు వినబడేది కిందకి వెళ్తుంది. నేను 3 కింద పెట్టి, 4 పైన పెట్టాను. పొద్దున వాడు రాసిన తప్పే, అంకె తేడా లేకుండా! ఈసారి నవ్వు వాడిది.

స్టాఫ్ రూములో ఇద్దరూ మాట్లాడుకుని ఉంటారు. మర్నాడు ఉదయం టీచరుగారు ఒక పొడుగాటి కాగితం ముక్క తెచ్చారు. దాన్ని మడిచి, మళ్లీ మడిచి, విప్పి చూపించారు. "ముందేం చేశాం? నాలుగు భాగాలు చేశాం. ఆ తర్వాత మూడింటికి రంగు వేద్దాం. చేసిన వరసలోనే చెప్తున్నాం, నాలుగింట మూడు." మధ్యాహ్నం అదే కాగితం మిస్ చేతిలో ఉంది. ఆవిడ మడతల జోలికే పోలేదు. రంగున్నవి ఎన్నో ముందు లెక్కపెట్టించి, అవి ఎలాంటి ముక్కలో తర్వాత అడిగింది. భిన్నం అంటే ఏమిటో మళ్లీ మొదటినుంచి చెప్పాల్సిన పని ఆవిడకు రాలేదు. ఒక భాషలో బుర్రకెక్కింది రెండో భాషలోనూ పనికొస్తుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ రాసినది కాలేజీలో చదువుతుంటే నా కళ్లముందు ఆ కాగితమే ఆడింది.

కబుర్లు చెప్పే భాష రెండేళ్లలో వచ్చేస్తుందట, పాఠాలకు కావలసిన భాషలో తోటివాళ్లను అందుకోవడానికి 5 నుంచి 7 ఏళ్లు పడుతుందట. అదీ ఆయన చెప్పిందే. మూడో తరగతిలో అమ్మకు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే ఆవిడకు కొంత టెన్షన్ తగ్గేది.

ఈ ఏర్పాటు మా బడి కనిపెట్టిందనే చిన్నప్పుడు అనుకునేదాన్ని. కాదు. 1963లోనే మయామీలోని కోరల్ వే బడిలో, క్యూబా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలనూ అక్కడి పిల్లలనూ చేర్చుకుని, ఒక పూట స్పానిష్, ఒక పూట ఇంగ్లీషు పెట్టారు. 1965లో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు తల్లిదండ్రులు పట్టుబట్టి 26 మంది పిల్లలతో పూర్తి ఫ్రెంచి తరగతి తెరిపించారు. వాలస్ లాంబర్ట్, రిచర్డ్ టకర్ అనే పరిశోధకులు ఆ పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. ఇంగ్లీషు దెబ్బతినలేదు, లెక్కలూ దెబ్బతినలేదు. ఫ్రెంచి వింటే అర్థమవడంలో ఫ్రెంచి పిల్లలకు దగ్గరగా వచ్చారు. మాట్లాడటంలో, రాయడంలో మాత్రం ఆ దగ్గరితనం రాలేదని కెనడాలో తర్వాతి తరగతులను చూసినవాళ్లూ తేల్చారు. విన్నంతమాత్రాన చాలదు, పిల్లలతో మాట్లాడించాలి, రాయించాలి అని మెరిల్ స్వెయిన్ అనే కెనడా పరిశోధకురాలు 1985లో వాదించింది ఇందుకే.

మా సంగతీ అంతే. "మిస్, పెన్సిల్ ఈజ్ నాట్ దేర్ టు మీ" అని నేను ఆరో తరగతి దాకా అన్నాను. అందరికీ అర్థమయ్యేది, పెన్సిలూ దొరికేది, ఇంక దిద్దేదెవరు?

ఒక్క ఫిర్యాదు ఉంది. ఏడో తరగతి నుంచి సైన్సు, లెక్కలు మొత్తం ఇంగ్లీషు పూటలోకి జరిపారు. పరీక్షలు ఇంగ్లీషులో ఉంటాయన్నారు. తెలుగుకు మిగిలినవి పద్యాలూ వ్యాకరణమూ. త్రిభుజంలో కర్ణం ఎక్కడుందో చూపించమంటే తన చెవి పట్టుకు చూపించిన నా పక్కవాడు, ఆ ఏడాదికల్లా ఆ మాటే మరిచిపోయాడు. సగం సగం అని చెప్పి చేర్చుకున్నప్పుడు చివరిదాకా సగం ఇవ్వాల్సింది. ఇది అప్పుడు అనడం చేతకాలేదు కాబట్టి ఇక్కడ అంటున్నాను.

వాడికి లెక్కలకంటే కష్టమైనవి మనం, మేము. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. రోజూ నా దగ్గరికొచ్చి "మేము ఆడుకుందామా?" అనేవాడు. "మీరు ఆడుకోండి, నన్నడుగుతావేం?" అనేదాన్ని. వాడు బిక్కమొహం వేసేవాడు. టీచరుగారు వాడి చెయ్యి పట్టుకుని నా వైపు చూపించి "ఈ పిల్ల ఉంటే మనం, లేకపోతే మేము" అని ఎన్నిసార్లు చెప్పారో.

నాలుగో తరగతిలో ఒక ఉదయం మైదానంలో మగపిల్లలంతా జట్టు కట్టారు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి వాడు అడ్డంగా చేతులు చాపి, ఎక్కడా తడబడకుండా, "మేము ఆడుకుంటున్నాం" అన్నాడు. టీచరుగారు చప్పట్లు కొట్టారు. వాక్యంలో తప్పు దొరుకుతుందేమోనని వెతుక్కుంటూ నేను క్లాసులోకి వచ్చేశాను.