మహేంద్రగిరి కింద మూడు రాత్రులు

గైడ్స్ (ఆడపిల్లల స్కౌట్స్) క్యాంపు ముగించుకుని నిన్న రాత్రే ఒడిశాలోని పర్లాకిమిడి చేరాం. 1,501 మీటర్ల మహేంద్రగిరి పాదాల దగ్గర మూడు రాత్రులు. ఒళ్లు హూనం.

ఎనిమిది మందికో పాట్రోల్, అంటే చిన్న జట్టు, దానికో లీడర్. స్కౌటింగ్ మొదలెట్టిన బేడెన్ పావెల్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన పద్ధతే ఇది, పిల్లల్ని పిల్లలే నడుపుకోవాలి. క్లాసులో నోరు విప్పని తొమ్మిదో తరగతి పిల్లని లీడర్ని చేశాను. తోటి టీచరమ్మ నవ్వింది కూడా.

రెండో రాత్రి ఒకటే వాన. నూలు తాళ్లు తడిస్తే బిగుసుకుపోతాయి, ముందే కాస్త వదులు చెయ్యాలి. పొద్దున ఆ మాట చెప్పిందీ నేనే, మరిచిపోయిందీ నేనే! టెంటు మేకు ఒకటి ఊడొచ్చేసింది. నేను లేచి వెళ్లేసరికి ఆ పిల్ల టార్చి నోట కరుచుకుని తాడు వదులు చేస్తోంది. మధ్యమధ్యలో టార్చి తీసి మనవాళ్లకి తెలుగులో, మిగతావాళ్లకి ఒడియాలో పనులు పురమాయిస్తోంది. ఇంత గొంతు ఎక్కడ దాచిందో!

మర్నాడు ఉప్మా అడుగంటింది. "పొయ్యి దగ్గర ఎవరినీ ఉంచలేదు, తప్పు నాదే మేడమ్" అంది. వంట వంతు ఆమెది కాదని నాకు తెలుసు.

మాడిన ఉప్మానే అందరం తిన్నాం.