90 దాటితే ఊగిపోయే బండి: నా అనుభవం

ఆనందపురం నుంచి అనకాపల్లి వెళ్లే ఆరు వరుసల రోడ్డు మీద 90 దాటగానే నా డ్యూయల్ స్పోర్ట్ (రోడ్డుకీ మట్టి దారికీ పనికొచ్చే) బండి హ్యాండిల్ కొట్టుకునేది. లారీని దాటి గాలిలోకి వచ్చామా, టెన్షనే. లంబసింగి ఘాట్‌లో మాత్రం ఏ ఊపూ ఉండదు. ఎవరిని అడిగినా "స్టీరింగ్ డాంపర్ పెట్టించెయ్ బావా" అన్నారు, అంటే హ్యాండిల్ కుదుపుని అడ్డుకునే పరికరం. నేను పెట్టించలేదు. అది ఊపుని అణుస్తుందే తప్ప, ఊపు ఎక్కడ పుడుతోందో చెప్పదు.

ఊగడం రెండు రకాలు. హ్యాండిల్ గబగబా వణికితే వాబుల్. బండి మొత్తం వెనక నుంచి నిదానంగా మెలికలు తిరిగితే వీవ్. మొదటిదానికి ముందు చక్రం, స్టీరింగ్ బేరింగులు చూడాలి. రెండోదానికి వెనక బరువు, సస్పెన్షన్, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి). నా బండికి రెండూ ఉన్నాయి. అందుకే ఒక్క మార్పు చేయడం, నడిపి చూడడం. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మట్టి దారుల కోసం తగ్గించిన గాలిని, టైరు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ చెప్పిన లెక్కకి తెచ్చాను. కొంచెం నయం. స్పోక్స్, వీల్ బేరింగులు, వెనక చక్రం నేరుగా ఉందో లేదో చూపే, చైన్ దగ్గరి రెండు వైపుల గీతలు సరిగ్గానే ఉన్నాయి.

అసలు సంగతి కంచరపాలెం మెకానిక్ దగ్గర బయటపడింది. ఇంజిన్ కింద చెక్క పెట్టి ముందు చక్రం గాలిలోకి లేపాడు. "ఇటు రండి గురూ, ఒక్క వేలితో తిప్పండి. మధ్యలో ఆగతంది సూడండి." నిజమే. హ్యాండిల్ నేరుగా రాగానే సన్నటి గాడిలో పడినట్టు టక్కున ఆగింది. విప్పితే కింది కోన్‌సెట్‌లో (హ్యాండిల్ తిరిగే స్టీరింగ్ బేరింగులో) గ్రీజు ఎండి మట్టిరంగుకి తిరిగింది. బాల్స్ దొర్లే రింగు (రేసు) మీద అవి నొక్కుకుపోయిన గుంటలు వరసగా కనిపించాయి. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లో ఆ గ్రీజుని ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవాలి. బాల్స్ బదులు ఏటవాలు రోలర్లు ఉండే టేపర్ రోలర్ బేరింగులు వేయించాను. బిగించడమే అసలు పనితనం: ఎక్కువైతే బండి నేరుగా పోదు, తక్కువైతే బ్రేకు వేసినప్పుడు టకటక. కొంత తిరిగాక మళ్లీ బిగుతు చూడాల్సిందే.

వణుకు పోయింది. సామాను వేస్తే వీవ్ మాత్రం మిగిలింది. టాప్ బాక్సు బరువంతా వెనక ఇరుసుకి వెనకాల పడి, ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. బరువైనవన్నీ ట్యాంకు పక్క సంచుల్లోకి మార్చి, సీ స్పానర్‌తో (C ఆకారపు పానా) వెనక స్ప్రింగు ముందస్తు బిగువు, అంటే ప్రీలోడ్, రెండు మెట్లు పెంచాను. వెనక కుంగడం తగ్గింది, మెలికలూ పోయాయి.

రోడ్డు మీద ఊపు మొదలైతే హ్యాండిల్‌ని బిగించి పట్టుకోవద్దు, గట్టిగా బ్రేకు వేయొద్దు. మోకాళ్లతో ట్యాంకుని పట్టి, ముందుకు వంగి, యాక్సిలేటర్ నెమ్మదిగా వదలండి.

ఇప్పుడు 100 దగ్గర హ్యాండిల్ నిశ్శబ్దంగా ఉంటోంది. పక్కగాలికి ఎత్తైన ముందు మడ్‌గార్డ్ కొంచెం లాగుతుంది, అది ఈ రకం బండ్లకి ఉన్నదే. గుబ్బల టైర్లు అరిగాక మాత్రం రోడ్డుకి ఎక్కువ పనికొచ్చేవి వేయిస్తాను.