లార్డ్స్ నుంచి సెసిల్ కోర్ట్ దాకా: రంజీ బొమ్మ వెతుక్కుంటూ

లండన్‌లో జూబిలీ లైన్ రైలెక్కి సెయింట్ జాన్స్ వుడ్‌లో దిగితే లార్డ్స్ మైదానం నడిచి వెళ్లేంత దూరమే. మ్యాచ్ ఉన్న రోజుల్లో మామూలు టూర్లు ఉండవు. అందుకే మ్యాచ్ లేని రోజు చూసుకుని, టికెట్ ముందే తీసుకుని వెళ్లాను. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా పోటీపడే యాషెస్ సిరీస్‌కు పేరిచ్చిన చిన్న బూడిద పాత్ర ఉన్న మ్యూజియం, 1890 నాటి పెవిలియన్, లాంగ్ రూమ్ అన్నీ టూర్‌లోనే వస్తాయి. బ్యాట్స్‌మన్ మైదానంలోకి దిగేది ఈ లాంగ్ రూమ్ మీదుగానే. 1932 జూన్‌లో భారత జట్టు తొలి టెస్టు ఆడింది ఇక్కడే, కెప్టెన్ సి.కె. నాయుడు. 1936లో మన విజయనగరం మహారాజకుమార్ విజ్జీ కూడా ఇక్కడ భారత జట్టును నడిపించాడు.

నేను వెతుక్కుంటూ వచ్చింది మాత్రం వాళ్లకంటే ముందు తరం రాకుమారుణ్ణి. ‘వానిటీ ఫెయిర్’ వారపత్రిక 1897 ఆగస్టు 26 సంచికలో వచ్చిన రంజిత్‌సింహ్‌జీ రంగుల బొమ్మ అది. గీసింది ‘స్పై’ పేరుతో సంతకం చేసే లెస్లీ వార్డ్. అంతకు ముందటి ఏడాదే మాంచెస్టర్‌లో, ఇంగ్లండ్ తరఫున తన తొలి టెస్టులో రంజీ 62, 154 నాటౌట్ కొట్టాడు. బొమ్మ వచ్చిన కొన్ని నెలలకే సిడ్నీలో 175 చేశాడు. అప్పటికి అతనికి గద్దె లేదు. గుజరాత్‌లోని నవానగర్ సంస్థానాన్ని ఏలే జాం సాహెబ్ దత్తత తీసుకున్నా, తర్వాత ఆయనకు కొడుకు పుట్టడంతో రంజీని పక్కన పెట్టారు. గద్దె దక్కింది 1907లో. బొమ్మ కింద బిరుదులేవీ లేకుండా ‘రంజీ’ అని మాత్రమే ఉంటుంది. రాజ్యం లేని రాకుమారుడికి ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఉన్న పేరు అది ఒక్కటే చెబుతుంది.

ఇలాంటి బొమ్మల ప్రింటును మ్యూజియంలో అద్దం వెనక ఎంతసేపు చూసినా దాని పనితనం తెలియదు. కాగితం చేతికి అందాలి. అందుకు లెస్టర్ స్క్వేర్ స్టేషన్‌లో దిగి సెసిల్ కోర్ట్‌కి వెళ్లాలి. చారింగ్ క్రాస్ రోడ్‌కీ సెయింట్ మార్టిన్స్ లేన్‌కీ మధ్య బండ్లు తిరగని చిన్న సందు అది. రెండు వైపులా పాత పుస్తకాలు, మ్యాపులు, ప్రింట్లు అమ్మే కొట్లు. వానిటీ ఫెయిర్ బొమ్మల్లో జడ్జీలూ ఎంపీలూ కాస్త చవగ్గా దొరుకుతారు. క్రికెటర్లకు గిరాకీ ఎక్కువ, 1877 నాటి డబ్ల్యు.జి. గ్రేస్ బొమ్మకైతే మరీను.

ప్లాస్టిక్ కవర్లోంచి తీసి చూపించమని మర్యాదగా అడగాలి. చేతులు పొడిగా ఉంచుకుని, షీటును రెండు అంచులా పట్టుకోవాలి. షీటు సుమారు 38 సెంటీమీటర్ల పొడవు, 26 వెడల్పు. అంతకంటే బాగా చిన్నగా ఉంటే ఎవరో అంచులు కోసేశారన్నమాట. ముద్రాపకులు విన్సెంట్ బ్రూక్స్, డే అండ్ సన్ పేరు బొమ్మ కింద సన్నటి అక్షరాల్లో ఉంటుంది. అంచు కోస్తే ముందు పోయేది అదే. వెనక వైపు ఖాళీగా ఉండాలి. ఎడమ అంచున కుట్టు రంధ్రాలు కనిపిస్తే బెంగపడక్కర్లేదు, సంపుటంలోంచి విడదీశారని అర్థం.

అసలు పరీక్ష పదిరెట్ల భూతద్దంతో. వార్డ్ నీటిరంగుల్లో గీసిన బొమ్మను ముద్రాపకుల దగ్గరి పనివాళ్లు రంగుకో రాయి చొప్పున సున్నపురాళ్ల మీదికి తిరగేసి ఎక్కించేవాళ్లు. ఒక్కో రాయి అచ్చూ పడ్డాక అదే కాగితం తర్వాతి రాయి మీదికి వెళ్లేది. అందుకే భూతద్దం కింద చుక్కలు ఒక వరసలో ఉండవు. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి, మధ్యలో క్రేయాన్ గరుకు. ముఖం అంచున ఒక రంగు పక్క రంగు మీదికి వెంట్రుకవాసి జరిగి కనిపిస్తే అది రాయి సరిగ్గా కుదరక వచ్చిన తేడా, అసలుదనానికి మంచి గుర్తు. చుక్కలు లెక్కపెట్టినట్టు ఒకే దూరంలో, పూలరేకుల్లా గుంపులు కట్టి ఉంటే అది ఈ కాలపు ఆఫ్‌సెట్ నకలు. అలాంటి నకళ్లు బోలెడు. అనుమానం తీరకపోతే అతినీలలోహిత టార్చి వేసి చూడాలి. కాగితం నీలంగా మెరిస్తే దాంట్లో తెలుపు పెంచే రసాయనం ఉంది, అది 1897 నాటి కాగితం కాదు.

తుప్పురంగు మచ్చలు చెమ్మ వల్ల వచ్చేవి. ఒకటీ అరా ఉంటే నేను పట్టించుకోను, ముఖం మీద ఉంటే మాత్రం కొనను. బొమ్మ చుట్టూ గోధుమరంగు గీత ఉంటే పాత ఆమ్లపు అట్ట కాల్చిన గుర్తు, అది పూర్తిగా పోదు. అట్టకు జిగురుతో అంటించేసినదాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనాలి.

కొన్నాక చుట్టచుట్టి గొట్టంలో పెట్టొద్దు, ముడతపడిన చోట రంగు పగులుతుంది. ఆమ్లం లేని రెండు అట్టల మధ్య చదునుగా పెట్టి చేతిసంచిలో తెచ్చుకోవచ్చు. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో కిటికీలా కోసిన అట్ట వేయమనాలి. సెలోటేప్ రానివ్వొద్దు. పై అంచున రెండు చోట్ల జపాన్ కాగితపు ముక్కలను గోధుమపిండి గంజితో అతికిస్తే చాలు, రేపెప్పుడైనా తడిపి తీసేయొచ్చు. ఎండ పడే గోడకూ, వానకాలంలో చెమ్మెక్కే బయటి గోడకూ తగిలించొద్దు.