బిల్లు సేవ్ అయ్యేలోపు డిస్కులో ఏం జరుగుతోంది: శ్రీకాకుళం ల్యాబ్‌లో నా అనుభవం

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్‌కు కాస్త దూరంలో ఉన్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కు కంప్యూటర్ల పని నేను చూస్తాను. ఉదయం 7 నుంచి 10 దాకా అక్కడ ఊపిరి సలపదు. పరగడుపున రక్తం ఇవ్వాలని ఆమదాలవలస, నరసన్నపేట, గార వైపు నుంచి తొలి బస్సుకే జనం వచ్చేస్తారు. బిల్లు సేవ్ అయితేనే శాంపిల్ నంబరు పుడుతుంది, బార్‌కోడ్ స్టిక్కర్ వస్తుంది, ఆ తర్వాతే సూది. ఈ ఏడాది మొదట్లో ఆ సేవ్ బటన్ నొక్కాక 3, 4 సెకన్లు చక్రం తిరగడం మొదలైంది. వందమంది లైన్లో ఉన్నప్పుడు 4 సెకన్లంటే చిన్న సంగతి కాదు. షుగరున్న ముసలివాళ్ళు టిఫిన్ తినకుండా నిలబడి ఉంటారు. అక్కడి అటెండరు పెద్దాయన నా పక్కకొచ్చి "ఏటి బావూ, ఇంకా తిరుగుతానే ఉందేటి?" అని అడిగేవాడు. ఆ మాట వింటే కడుపులో దేవినట్టుండేది.

అంతకు కొద్దిరోజుల ముందే మూడు పాత సర్వర్లు తీసేసి, ఒకే కొత్త మెషిన్ మీద కేవీఎంతో (లినక్స్‌లోనే ఉండే వర్చువలైజేషన్ సదుపాయం) మూడు వర్చువల్ మెషిన్లు, అంటే ఒకే కంప్యూటర్ లోపల విడివిడిగా నడిచే మూడు కంప్యూటర్లు పెట్టాం. బిల్లులు, రిపోర్టులు ఉండే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు ఒక లినక్స్, రక్తాన్ని పరీక్షించే అనలైజర్ యంత్రాలతో మాట్లాడే సాఫ్ట్‌వేర్‌కు ఒక విండోస్, స్కాన్ ఫైళ్ళకు ఇంకొకటి. 4 కోర్లు, 32 జీబీ ర్యామ్, కొత్త ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (ఫ్లాష్ చిప్పుల్లో రాసే వేగమైన డిస్కు). హార్డ్ డిస్కులు పోయి ఎస్‌ఎస్‌డీ వచ్చాక పని పరుగెత్తాలి కదా, మరి ఎక్కడ ఆగుతోంది?

ముందు ఎఫ్‌ఐఓ అనే వేగం కొలిచే సాఫ్ట్‌వేర్‌తో డిస్కును కొలిచాను. డిస్కు పెట్టె మీద సెకనుకు ఇన్ని పనులని రాసే లక్షల అంకెలు ఒకేసారి 32 పనులో, ఇంకా ఎక్కువో డిస్కు ముందు పరిచి కొలిచినవి. మా బిల్లు సేవ్ అలా ఉండదు. ఒకటి రాయాలి, అది చేరిందని కబురు రావాలి, అప్పుడే రెండోది. అందుకే నేను 4 కేబీ ముక్కలతో, క్యూ లోతు 1 పెట్టి (అంటే ఒకసారికి ఒకే పని), ప్రతి రాతకూ ఎఫ్‌సింక్ (డిస్కుకు నిజంగా చేరేదాకా ఆగమనే ఆజ్ఞ) చేయించి కొలిచాను. అదే పరీక్ష హోస్ట్ (వర్చువల్ మెషిన్లను మోసే అసలు మెషిన్) మీదా, వర్చువల్ మెషిన్ లోపలా నడిపితే పొరల మధ్య ఎంత పోతోందో తెలిసింది. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ అనే పరీక్ష ప్రోగ్రామ్ కూడా అదే మాట చెప్పింది. లోపల చాలా పోతోంది.

మొదటి కారణం తేలిగ్గానే దొరికింది. మెషిన్ అమర్చినవాళ్ళు వర్చువల్ మెషిన్‌కు డిస్కును ఐడీఈగా (పాతకాలపు డిస్కు కనెక్షన్) చూపించారు. అంటే క్యూఎమూ (కేవీఎంతో కలిసి, వర్చువల్ మెషిన్‌కు డిస్కు లాంటి పరికరాలను చూపించే సాఫ్ట్‌వేర్) 1996 నాటి ఇంటెల్ చిప్‌సెట్‌లా నటిస్తూ ఉంటుంది. లోపలి లినక్స్ ఆ చిప్ రిజిస్టర్లలో ఒక్కో విలువ రాసిన ప్రతిసారీ ప్రాసెసర్ వర్చువల్ మెషిన్ నుంచి బయటికొచ్చి, క్యూఎమూ చేత పని చేయించుకుని, మళ్ళీ లోపలికి పోవాలి. పైగా ఐడీఈలో ఒకసారికి ఒకే ఆజ్ఞ. ఉప్పుకోసారి, పప్పుకోసారి, చింతపండుకోసారి కిరాణా కొట్టుకు నడిచినట్టు. దానికి బదులు వర్ట్‌ఐఓ అనే పద్ధతి అయితే చీటీ రాసి పంపినట్టు: లోపలి మెషినూ క్యూఎమూ ఒకే మెమరీలో ఒక వలయం పంచుకుంటాయి, కావలసినవన్నీ అందులో రాసి ఒక్కసారి తలుపు తడితే చాలు. లినక్స్ ప్రోగ్రామర్ రస్టీ రసెల్ మొదలుపెట్టిన ఈ పద్ధతి 2008 జనవరిలో వచ్చిన లినక్స్ 2.6.24 నుంచే ఉంది. నిజమైన చిప్‌లా నటించడం మానేసి, నువ్వు వర్చువల్ మెషిన్‌వే అని లోపలి సిస్టానికి చెప్పేయడమే అందులోని తెలివి. దీనికి చెల్లించేది ఒకటే, లోపల ఆ డ్రైవర్ ఉండాలి. లినక్స్‌కు ఇబ్బంది లేదు. విండోస్‌ను నేరుగా మారిస్తే నీలి తెర వచ్చి బూట్ కాదు, కాబట్టి ముందు చిన్న ఖాళీ డిస్కును వర్ట్‌ఐఓగా తగిలించి, డ్రైవర్ వేసి, ఆ తర్వాత అసలు డిస్కు మార్చాను. ఒక ఆదివారం మధ్యాహ్నంతో అది తేలిపోయింది.

సోమవారం చక్రం తగ్గింది, పోలేదు. అప్పుడు క్యూఎమూలో డిస్కు కాషె సెట్టింగు (రాతను కాసేపు ర్యామ్‌లో ఉంచాలా, ఎప్పుడు డిస్కుకు చేర్చాలి అన్నది) దగ్గరికి వచ్చాను. రైట్‌త్రూ అని ఉంది. ప్రతి రాత వెనకా తప్పకుండా ఫ్లష్ (డేటాను నిజంగా డిస్కులోకి చేర్చడం) జరుగుతుంది, అవసరం ఉన్నా లేకపోయినా. నాకు తెలిసిన ఒకతను ఫోన్లో "అన్‌సేఫ్ పెట్టెయ్ అన్నా, దూసుకుపోద్ది" అన్నాడు. పెట్టి చూశాను. నిజంగానే దూసుకుపోయింది, సేవ్ నొక్కితే రెప్పపాటు కూడా పట్టలేదు. కౌంటర్లో కూర్చునే అమ్మాయి "బాగుచేసేశారా అన్నయ్యా!" అని సంబరపడింది. నాకు మాత్రం భయం పట్టుకుంది.

శ్రీకాకుళం జిల్లాలో కరెంటు సంగతి మాకు వేరే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఎన్ని ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో చూసినవాణ్ణి. తుపాను లేకపోయినా యూపీఎస్ బ్యాటరీ ఒక రోజు చేతులెత్తేస్తుంది. అన్‌సేఫ్ మోడ్‌లో పోస్ట్‌గ్రెస్ "దీన్ని డిస్కుకు చేర్చు" అని ఫ్లష్ అడిగితే, క్యూఎమూ ఏమీ చేయకుండానే "చేరింది" అని చెబుతుంది. డేటా హోస్ట్ ర్యామ్‌లోనే ఉంటుంది. లినక్స్ మామూలు సెట్టింగుల్లో దాన్ని 30 సెకన్లు పాతబడ్డాక గానీ డిస్కుకు తప్పనిసరిగా పంపదు, పంపినప్పుడు కూడా ముందువి ముందు, వెనకవి వెనక అన్న వరస ఉండదు.

ఆ శనివారం రాత్రి ల్యాబ్ మూసేశాక పరీక్షకు కూర్చున్నాను. అసలు డేటాబేస్‌కు నకలు తీసి, బిల్లుల్లాంటి వరసలు ఒకదాని తర్వాత ఒకటి చేరుస్తూ, ఖాయమైన ప్రతి నంబరునూ నెట్‌వర్క్ మీదుగా నా ల్యాప్‌టాప్‌లో చూపించే చిన్న స్క్రిప్టు రాశాను. అది నడుస్తుండగా సర్వర్ ప్లగ్ పీకేశాను. అన్‌సేఫ్‌తో మొదటిసారి, ఖాయమైందని ల్యాప్‌టాప్‌లో కనిపించిన నంబర్లలో చివరివి డేటాబేస్‌లో లేవు. రెండోసారి డేటాబేసే లేవలేదు. మొదటిది నన్ను ఎక్కువ కుదిపింది. లేవకపోతే కనీసం తెలుస్తుంది. నంబర్లు పోతే ఏమవుతుంది? స్టిక్కర్ అప్పటికే ట్యూబు మీద అంటించి ఉంటుంది. కరెంటు వచ్చాక అదే నంబరు ఇంకొకరికి వెళ్ళవచ్చు. ఒకరి షుగర్ రిపోర్టు ఇంకొకరి చేతిలోకి. వేగం ఎంతైనా సరే, దీనికి నేను ఒప్పుకోలేను.

అదే పరీక్ష ఆ కాషె సెట్టింగులోనే ఉన్న ఇంకో రెండు రకాలు, రైట్‌బ్యాక్‌తోనూ, నన్‌తోనూ (ఇంగ్లీషు none) చేశాను. రెండింటిలోనూ ల్యాప్‌టాప్‌లో కనిపించిన ఆఖరి నంబరు దాకా డేటాబేస్‌లో ఉంది. రైట్‌బ్యాక్ డేటాను ముందు హోస్ట్ ర్యామ్‌లో ఉంచుతుంది కాబట్టి ప్రమాదమని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. అది తప్పు. ఫ్లష్ అడిగితే అది గౌరవిస్తుంది, పోస్ట్‌గ్రెస్ అడుగుతుంది కూడా. ఫ్లష్ సరిగ్గా అడగని పాత సాఫ్ట్‌వేర్ లోపల ఉంటేనే చిక్కు. అయినా నేను నన్ ఎంచుకున్నాను, కారణం ర్యామ్. రైట్‌బ్యాక్‌లో ఒకే బ్లాకు లోపలి మెషిన్ ర్యామ్‌లో ఒకసారి, హోస్ట్ ర్యామ్‌లో ఇంకోసారి కూర్చుంటుంది. 32 జీబీని ముగ్గురికి పంచాల్సిన చోట ఆ రెండో నకలు దండగ. నన్‌లో హోస్ట్ కాషెను దాటేసి నేరుగా డిస్కుకు వెళ్తుంది.

కానీ నన్‌కు వచ్చేసరికి ఎస్‌ఎస్‌డీ అసలు రూపం బయటపడింది. మామూలు ఎస్‌ఎస్‌డీ తనకొచ్చిన డేటాను ముందు లోపలి చిన్న మెమరీలో పెట్టుకుంటుంది. ఫ్లష్ అడిగితే దాన్ని ఫ్లాష్‌లో నిజంగా రాసి చెప్పాలి, దానికి మిల్లీసెకన్లు పడుతుంది. కరెంటు పోయినా లోపలి కెపాసిటర్ల ఛార్జితో రాత పూర్తిచేయగల సర్వర్ రకం డిస్కుకు ఆ గాభరా లేదు, వెంటనే చేరిందని చెప్పేయగలదు, పైగా నిజమే చెబుతుంది. డాక్టరు గారితో కూర్చుని ప్లగ్ పీకిన పరీక్ష కాగితాలు చూపించాను. ఖరీదు విని కాసేపు మాట్లాడలేదు. "నంబరు మారకూడదు బాబూ, తెప్పించు" అన్నారు. విశాఖ నుంచి ఆర్టీసీ కార్గోలో వచ్చింది. సేవ్ చేసేటప్పుడు చక్రం కనపడకుండా పోయింది ఆ డిస్కుతోనే.

ఇక డిస్కు ఫార్మాట్. వర్చువల్ డిస్కును ఒక ఫైలుగా ఉంచే క్యూకౌ2 ఫార్మాట్ నాకు ఇష్టం, స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డిస్కు ఎలా ఉందో భద్రపరచడం) తీయడం సులువు. కానీ అది డిస్కును 64 కేబీ ముక్కలుగా చూస్తుంది. స్నాప్‌షాట్ తీశాక పోస్ట్‌గ్రెస్ 8 కేబీ పేజీ ఒకటి మారిస్తే, మొదటిసారి ఆ 64 కేబీ మొత్తం వేరే చోటికి నకలవ్వాలి. అందుకని డేటాబేస్ డిస్కును మాత్రం ఎల్‌వీఎం (డిస్కును భాగాలుగా పంచే లినక్స్ సదుపాయం) మీద 'రా' (raw, మధ్యలో ఏ ఫార్మాటూ లేని) డిస్కుగా పెట్టాను, మిగతావి క్యూకౌ2లోనే ఉంచాను. పోయిన స్నాప్‌షాట్ల బదులు పోస్ట్‌గ్రెస్ సొంత బ్యాకప్, దాంతోపాటు ప్రతి మార్పూ నమోదయ్యే లాగ్ ఫైళ్ళను ఎప్పటికప్పుడు ఇంకో మెషిన్‌కు పంపడం. ఇది పని పెంచింది, ఒప్పుకుంటాను. నెలకోసారి ఆ బ్యాకప్‌ను వేరే చోట లేపి చూడాలి కూడా.

ఆ డేటాబేస్ డిస్కుకు విడిగా ఒక ఐఓ థ్రెడ్ (దాని రాతలు, చదువులు మాత్రమే చూసే పనివాడి లాంటిది) ఇచ్చాను, క్యూఎమూ మిగతా పనుల లాక్ కోసం ఎదురుచూడకుండా. ఇంకా ముందుకు పోవచ్చు. ఎస్‌పీడీకే అనే డిస్కు సాఫ్ట్‌వేర్ వాడితే ఒక కోర్ డిస్కు వైపే రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంటుంది, పని ఉన్నా లేకపోయినా ఆ కోర్ నూటికి నూరు శాతం ఖర్చు. పెద్ద డేటా సెంటర్లో 64 కోర్లలో ఒకటి ఇస్తే లెక్క కాదు, నాకున్నవి 4. ఎన్‌వీఎంఈని నేరుగా ఆ ఒక్క వర్చువల్ మెషిన్‌కే అప్పగించేయడం మీద రెండు రోజులు ఆలోచించాను. అన్నిటికంటే వేగం అదే. కానీ అప్పుడు డిస్కు మొత్తం దానిదే, మిగతా రెండిటికీ చోటు లేదు, ఆ మెషిన్ ర్యామ్ మొత్తం బిగించి ఉంచాలి, ఈ సర్వర్ పాడైతే దాన్ని తీసుకెళ్ళి ఇంకోచోట లేపడం కష్టం. ఉదయం లైన్లో ఉన్నవాళ్ళకు మైక్రోసెకన్లు కనపడవు, సర్వర్ ఒక పూట లేకపోతే కనపడుతుంది. వదిలేశాను.

సర్వర్ రకం డిస్కు ఇంకొకటి వచ్చే నెల వస్తుంది, మిర్రర్ చేయడానికి, అంటే అదే డేటాను రెండిటిలోనూ ఉంచడానికి. అప్పుడు ప్రతి ఫ్లష్ రెండు డిస్కుల్లో నెమ్మదైన దానికోసం ఆగుతుంది కాబట్టి మళ్ళీ క్యూ లోతు 1తో కొలవాలి, ఇంకో శనివారం రాత్రి మళ్ళీ ప్లగ్ పీకాలి. అటెండరు పెద్దాయనకు ఇప్పటికే చెప్పి పెట్టాను, తాళాలు నా దగ్గర ఉంచమని.