పోస్టర్‌లో కణాదుడికి చోటు

"కణాదుడు వద్దు నాన్నా. అది సైన్స్ కాదు. ఆయన ప్రయోగాలేమీ చెయ్యలేదు కదా" అంది మా అమ్మాయి. ఏడో తరగతి సైన్స్ క్లాసుకి పరమాణువు చరిత్ర మీద పోస్టర్ చేస్తోంది. పరమాణువుల గురించి చెప్పిన వైశేషిక దర్శనానికి మూలపురుషుడు కణాదుడు, ఆయన్నీ పెట్టమన్నాను. మొదటి గడిలో గ్రీకు తత్వవేత్త డెమోక్రిటస్, ఆ తర్వాత 1808 నాటి డాల్టన్, 1897లో ఎలక్ట్రాన్‌ని కనిపెట్టిన థామ్సన్, 1911లో రూథర్‌ఫర్డ్. మరి డెమోక్రిటస్ చేసిన ప్రయోగం ఏమిటని అడిగాను. టీచర్ ఇచ్చిన లిస్టులో ఆయన ఉన్నాడంది.

నాకు పట్టుదల పెరిగింది. అన్నీ మనవాళ్ళే ముందు కనిపెట్టారనే మెసేజ్‌లు పిల్లలకి చూపించొద్దని స్నేహితులకి చెప్పేది నేనే. అయినా ఆ అట్ట మీద కణాదుడి పేరు చూడాలన్న తపన నన్ను వదల్లేదు.

చివరికి పేరు సంగతి వదిలేసి, కణాదుడి దారిలో నడిచిన వైశేషికుల వాదన చెప్పాను. కిటికీలోంచి పడే ఎండలో తేలే నలుసుతో వాళ్ళు మొదలుపెడతారు. కంటికి కనిపించేవాటిలో అంతకంటే చిన్నది లేదు. కనిపిస్తోంది కాబట్టి, కుండకున్నట్టే దానికీ భాగాలుండాలి. ఆ నలుసు మూడు ద్వ్యణుకాల కూడిక, ఒక్కో ద్వ్యణుకంలో రెండు పరమాణువులు. ఇక అక్కడ ఆగాలి. ఆగకుండా విడగొడుతూ పోతే మేరు పర్వతంలోనూ, ఆవగింజలోనూ భాగాలు లెక్కలేనన్ని అవుతాయి. అప్పుడు రెండూ ఒకే పరిమాణమని ఒప్పుకోవాలి.

కాసేపు ఆలోచించి అడిగింది: "ఆ చిన్నదానికి కుడి, ఎడమ ఉంటాయా? ఉంటే దాన్నీ ముక్కలు చెయ్యొచ్చు. లేకపోతే, ఎన్ని కలిపినా పెద్దది ఎలా అవుతుంది?"

నాకు ఒళ్ళు పులకరించింది. బౌద్ధుడైన వసుబంధు 'వింశతిక'లో అడిగింది ఇదే: ఒక పరమాణువుకి ఆరు వైపులా ఆరు ఆనుకుంటే దానికి ఆరు భాగాలున్నట్టే కదా అని. బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరులూ వైశేషికుల పరమాణువాదాన్ని ఖండించారు. నలుసుకి పెద్ద పరిమాణం వచ్చేది దాని భాగాల పరిమాణం వల్ల కాదు, వాటి సంఖ్య వల్ల అని వైశేషికుల జవాబు. అదీ చెప్పాను. "అది చీటింగ్" అంది. నేను ఆ జవాబు వైపే నిలబడి చాలాసేపు వాదించాను, తనూ తగ్గలేదు.

పిల్లలకి మన శాస్త్రాల గురించి చెప్పాలనుకునే తల్లిదండ్రులకి నేను చెప్పేదొక్కటే: ఎవరు ముందు అన్న పోటీ వద్దు, వాళ్ళు ఒకరితో ఒకరు పడ్డ తగాదాలు చెప్పండి. పిల్లలు వాటిలోకి దూరిపోతారు.

కానీ పోస్టర్ మారలేదు. క్లాసులో మిగతా పిల్లలందరికీ ఈ ఆలోచన గ్రీసులోనే పుట్టింది. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. మా ఇంట్లో వాదన ఎంత బాగా జరిగినా, బయట ఆ పేరు లేకపోతే అది తనకి ఎన్నాళ్ళు గుర్తుంటుంది?

వేసవిలో 'తర్కసంగ్రహం' మొదలుపెడదాం అనుకుంటున్నాం. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు, న్యాయ వైశేషికాలు కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం సంస్కృతంలో రాసిన చిన్న పుస్తకం. నా దగ్గరున్నది తెలుగు వ్యాఖ్యానం. తను తెలుగు కూడబలుక్కుంటూ చదువుతుంది, వాదించేది మాత్రం ఇంగ్లీషులో. తెలుగులోనే చదవాలని పట్టుబడితే వాదన ఆగిపోతుందేమోనని భయం. ఇంగ్లీషులో చెప్పేస్తే నేను ఇవ్వాలనుకున్నదాంట్లో సగం ఇవ్వనట్టే. ఏది చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.