రెండు చేతులూ ఒకే వైపుకి

మా వీధిలో ఒకావిడ కూతురి పెళ్లికని కంచిపట్టు జాకెట్టు ముక్క తెచ్చిచ్చారు. ఆ రాత్రి పన్నెండు దాటాక రింగ్ లైట్ కింద దాన్ని కత్తిరిస్తూ నా యూట్యూబ్ ఛానల్‌కి వీడియో తీశాను. గుడ్డను మడతపెట్టి రెండు చేతులూ ఒకేసారి కోయాలని నేర్చుకునేవాళ్లకి మొదటిరోజే చెప్తాను. కెమెరాకి బాగా కనబడాలని ఆరోజు నేనే మడత విప్పి విడివిడిగా కోశాను. తెల్లారి కుట్టబోతే ముందు చంక లోతు రెండింటికీ ఒకే పక్కన ఉంది, అంటే కుడి ఎడమల్లా కాకుండా రెండూ ఒకే వైపు చేతులయ్యాయి. అంచున్న గుడ్డ ఇంకో చేతికి చాలదు. పదహారేళ్లుగా కుడుతున్నాను, ఇలా ఎప్పుడూ జరగలేదు.

ఏడుపు కూడా రాలేదు. అయ్యో, వీడియో పాడైందే అనిపించింది ముందు. ఆవిడ గుడ్డ ఆ తర్వాత గుర్తొచ్చింది. భయం వేసింది అప్పుడే.

2020లో లాక్‌డౌన్‌కి కుట్టుపని ఆగిపోతే తెనాలిలో మా ఇంటి ముందు గదిలోనే యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టాను. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగువేల గంటల వాచ్‌టైమ్ వచ్చాకే అప్పట్లో ప్రకటనల డబ్బులు. అవి దాటినరోజు అత్తయ్య పాయసం చేశారు. తర్వాత రోజుకో షార్ట్, వారానికి రెండు పెద్ద వీడియోలు. పెట్టిన ప్రతి వీడియోనీ అంతకుముందు వాటితో పోల్చి, పదింటిలో ఎన్నోదో యాప్ చూపిస్తుంది. తొమ్మిదో పదో అని కనబడితే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. ఎనిమిది నిమిషాలు దాటితే మధ్యలో కూడా ప్రకటనలు పెట్టుకోవచ్చు. అందుకని ఐదు నిమిషాల్లో అయిపోయే జాకెట్టు హుక్కుల పట్టీని తొమ్మిది నిమిషాలు సాగదీశాను. చంటిపిల్లని పడుకోబెట్టుకుని నేర్చుకుందామని కూర్చున్న ఆడవాళ్ల టైమ్ అది. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది.

జాకెట్టు సంగతి దాచకుండా వెళ్లి చెప్పాను. ఆవిడ గుడ్డ వైపు చూడలేదు. "ముందు నువ్వెళ్లి పడుకో అమ్మాయ్, అద్దంలో మొహం చూసుకున్నావా?" అన్నారు. మర్నాడు విజయవాడ వస్త్రలతలో షాపు షాపూ తిరిగి, దగ్గరి రంగు అంచు వెతికి తెచ్చి వేశాను. పెళ్లిలో ఎవరికీ తెలియలేదు, నాకూ ఆవిడకీ తప్ప.

ఆ వారమే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, డబ్బు కట్టక్కర్లేదు. నా పని గురించి చెప్పబోతే, ఎన్ని గంటలు నిద్రపోతున్నారమ్మా అని అడిగారు. నాలుగు అన్నాను. పైకి ఆ మాట అన్నాకే ఏడుపొచ్చింది. బర్నవుట్ అంటే బద్ధకానికి స్టైలుగా పెట్టిన పేరనుకునేదాన్ని. కానీ 2019లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పనికి సంబంధించిన స్థితిగా తన జాబితాలో చేర్చిందట. జబ్బుగా కాదు. సత్తువ అయిపోవడం, చేసే పని మీదే విరక్తి, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నామనిపించడం. మూడూ నాకున్నాయి.

నెల రోజులు ఒక్క వీడియో పెట్టలేదు. మొదటి వారం చెయ్యి ఊరికే ఫోన్ మీదకి పోయేది. మా ఆయన ఆ లెక్కల యాప్ తీసేశారు. ఇప్పుడు శనివారం ఒక్కటే వీడియో, పని ఎంతసేపైతే అంతసేపే. వ్యూస్ సగానికి పడిపోయాయి. వంద డాలర్లు నిండితేనే డబ్బు పడుతుంది, కొన్ని నెలలు నిండదు కూడా. ఆ లోటు పూడ్చడానికి కొలతకి ఆది జాకెట్లు తీసుకుని మళ్లీ బయటి కుట్టు కుడుతున్నాను. మధ్యాహ్నం ఐదుగురికి నేర్పుతున్నాను. డబ్బు తగ్గడం ఇబ్బందే, కాదనను. కానీ పదింటికల్లా లైట్ తీసేస్తున్నాను.

మిషన్ సొరుగులో ఒక నోట్‌బుక్ పెట్టాను. నా వీడియో చూసి మొదటిసారి కుట్టినవాళ్లు ఫోటో పంపితే, ఏం కుట్టారో అందులో రాసుకుంటాను. అందులో పెద్ద అంకెలేం లేవు. మొన్న నలభై మూడోది రాశాను. కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసే కడప జిల్లా ఆమె, సెలవురోజు చేత్తోనే కుట్టుకున్న జాకెట్టు. ఎడమ చంక దగ్గర ముడత పడింది. అక్కడ అర అంగుళం లోతు తీస్తే సరిపోతుందమ్మా అని వాయిస్ మెసేజ్ పెట్టి, మళ్లీ ఫోటో పంపమన్నాను.