సంక్రాంతి మీట్ నుంచి వెనక్కి లెక్కేసిన లాంగ్‌జంప్ ఏడాది

కాలేజీ రోజుల్లో ఆరు మీటర్లు దాటి దూకేవాణ్ని. ఇరవై ఏళ్ల విరామం తర్వాత మళ్లీ మొదలుపెట్టి, పోయిన జనవరిలో మాస్టర్స్ మీట్‌లో (వయసు పైబడినవాళ్ల పోటీల్లో) 4.92 మీటర్లు దూకాను. దూరం తక్కువైందని నాకేం బాధ లేదు. అసలు బాధంతా మడమతోనే. మీట్‌కి నెల ముందు నుంచి రోజూ ఫుల్ రనప్‌తో, అంటే దూకే ముందు తీసే పూర్తి పరుగుతో, పది పన్నెండు జంపులు వేశాను. టేకాఫ్ కాలి (నేలను తన్ని ఎగిరే కాలి) మడమ కమిలిపోయి, మూడు జంపులతోనే ఆగిపోవాల్సి వచ్చింది. అందుకే ఈసారి ఏడాది మొత్తానికి ముందే కాగితం మీద ప్లాన్ వేసుకున్నాను.

లెక్క చివర్నుంచి మొదలుపెట్టాను. సంక్రాంతి ముందు మీట్ ఉంటుంది కాబట్టి డిసెంబరు పోటీల నెల. అక్టోబరు, నవంబరు రనప్‌కి. జూలై నుంచి సెప్టెంబరు దాకా బౌండింగ్, అంటే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి పొడుగు గెంతులు. మార్చి నుంచి జూన్ దాకా బలం, పరుగు. ఫిబ్రవరి విశ్రాంతి. ఏడాదిని ఇలా తయారీ, పోటీ, విశ్రాంతి దశలుగా విడదీయడాన్ని 1960ల్లో సోవియట్ యూనియన్‌కి చెందిన లెవ్ మత్వేయెవ్ ఒక పద్ధతిగా రాసిపెట్టాడు. యూరప్ వాళ్లకి పెద్ద పోటీలు ఎక్కువగా వేసవిలోనే. మా హనుమకొండలో మే నెలలో ఉదయం ఏడు దాటితే గ్రౌండ్‌లో నిలబడలేం. దశలు ఆయనవే తీసుకున్నాను, నెలలు మాత్రం మన ఎండావానల్ని చూసి వేసుకున్నాను.

ఫిబ్రవరి. మూడు వారాలు ఒక్క జంపూ లేదు. నడక, ఈత, అంతే.

మార్చి – జూన్. ఉదయం 5:15కల్లా గ్రౌండ్‌లో ఉండేవాణ్ని. సోమ, శుక్రవారాలు బరువులు, బుధవారం గడ్డి మీద 60 మీటర్ల పరుగులు ఆరు, ఆదివారం 100 మీటర్లు పది, తేలిగ్గా. స్క్వాట్ 50 కిలోలతో మొదలై జూన్ చివరికి 80 కిలోలకి వచ్చింది, ఐదేసి చొప్పున నాలుగు సెట్లు. పిక్కలకీ, తొడ వెనక కండరాలకీ ప్రతి సెషన్‌లో పది నిమిషాలు తప్పనిసరి. ఇంటికొచ్చాక రాగిజావ, రెండు గుడ్లు.

మూడు వారాలు పెంచుకుంటూ వెళ్లి, నాలుగో వారం పనిని సగానికి తగ్గించాలని రాసుకున్నాను. పాటించడానికి చాలా కష్టమనిపించింది ఇదే. ఒళ్లు బాగున్నప్పుడు ఆగడానికి మనసొప్పదు. ఒప్పనప్పుడల్లా మన లాంగ్‌జంపర్ మురళీ శ్రీశంకర్‌ని గుర్తుచేసుకునేవాణ్ని. 8.41 దూకిన మనిషి, 2024 ఏప్రిల్‌లో మోకాలి గాయంతో పారిస్ ఒలింపిక్స్‌కే దూరమయ్యాడు. అంత సంరక్షణ ఉన్నవాళ్లకే అలా అయితే, పొద్దున గ్రౌండ్‌కీ ఆపైన ఆఫీసుకీ పరుగెత్తే నాలాంటివాడు ఎంత జాగ్రత్తగా ఉండాలి!

జూలై – సెప్టెంబరు. పాదం నేలను బలంగా తాకిన ప్రతిసారీ ఒక కాంటాక్ట్ అని లెక్క. వారానికి రెండు సెషన్లు, ఒక్కోదానికి 60 కాంటాక్టులతో మొదలుపెట్టి 90 దగ్గర ఆపేశాను. అన్నీ గడ్డి మీదే. కుర్రాళ్లు ఇంతకన్నా ఎక్కువ చేయగలరు. నలభై దాటినవాళ్లకి మాత్రం 90 చాలని నా అభిప్రాయం. మర్నాడు పొద్దున మంచం దిగగానే మడమ నొప్పి అనిపిస్తే ఆ వారం రెండో సెషన్ రద్దు.

ఈ ఏడాదిలో నాకు దొరికిన అసలు విషయం సెప్టెంబరు వానల్లో బయటపడింది. రాత్రి వాన పడి, పొద్దునకి రన్‌వే పక్క మట్టి మెత్తగా, చదునుగా ఉంది. ముగ్గుపిండితో ఒక గీత గీసి, దాన్నే టేకాఫ్ బోర్డు (కాలు మోపి ఎగరాల్సిన పలక) అనుకుని పది అడుగుల, అంటే పది అంగల, రనప్‌తో దూకాను. బూట్ల ముద్రలు అచ్చుగుద్దినట్టు పడ్డాయి. మా అన్న కొడుకు టేపు పట్టుకున్నాడు. చివరి నాలుగు అడుగుల పొడవు మీటర్లలో 1.84, 1.86, 1.87, 1.96.

"బాబాయ్, చివరిది అంత పొడుగెందుకు పడింది?" అన్నాడు.

పడకూడదు. చివరి నుంచి రెండో అడుగు కాస్త పొడుగ్గా పడి నడుము కొద్దిగా కిందికి దిగాలి, ఆఖరి అడుగు పొట్టిగా, చురుగ్గా పడాలి. నేనేమో బోర్డు అందుకోవాలని కాలు ముందుకు చాపుతున్నాను. ఆఖరి ముద్రలో మడమ గుంట మిగతావాటికి రెండింతల లోతుంది. ఆ గుంటలో వేలు పెట్టి చూశాక అర్థమైంది, నా మడమ కమిలింది జంపులు ఎక్కువై మాత్రమే కాదని. ప్రతి జంపులోనూ నా వేగానికి నేనే బ్రేకు వేసి, ఆ దెబ్బంతా మడమతో కాచుకుంటున్నాను.

అక్టోబరు – నవంబరు. అక్కణ్నుంచి వారానికి రెండు రోజులు ఆ రెండడుగుల మీదే పని. ఆరడుగుల రనప్, సెషన్‌కి ఎనిమిది జంపులు మించకుండా. అడుగు పడాల్సిన చోట్ల పక్కన పుల్లలు పెట్టి, మావాడు ఫోన్‌లో స్లోమోషన్ తీసేవాడు. నవంబరు మధ్యకి చివరి రెండడుగులూ 1.97, 1.79 అయ్యాయి. ఫుల్ రనప్‌కి ఆ తర్వాతే వెళ్లాను. పదహారు అడుగులు, బోర్డు నుంచి 27.40 మీటర్ల దగ్గర మొదలు, చెక్ మార్క్ (మధ్యలో అడుగు సరిగ్గా పడుతోందో లేదో చూసుకునే గుర్తు) 11.10 దగ్గర. ఎదురుగాలి ఉంటే అడుగులు పొట్టిగా పడతాయి కాబట్టి బూటు పొడవంత ముందుకు జరుగుతాను, వెనక గాలైతే అంతే వెనక్కి.

దూకే ముందు పిట్‌ని పారతో మోకాలి లోతు తవ్వి తిరగేయడం మానొద్దు. వాన తర్వాత ఇసుక పైన పొడిగా కనిపించినా కింద గట్టిపడి ఉంటుంది.

నెలకోసారి వేసిన టెస్టుల్లో మార్చికీ నవంబరుకీ తేడా ఇది: నిలబడి దూకితే 2.18 నుంచి 2.31కి, ఎనిమిది అడుగుల రనప్‌తో 4.55 నుంచి 4.81కి. పరుగులో ఉండగా తీసిన 20 మీటర్ల టైమ్ 2.74 సెకన్ల నుంచి 2.60కి తగ్గింది.

డిసెంబరు. రెండో వారంలో చిన్న మీట్. ఫౌల్, 4.98, 5.09, 5.17, ఫౌల్, 5.11. రెండు ఫౌళ్లూ (కాలు బోర్డు దాటి పడటం) వెనక గాలి వీచినప్పుడే. టెన్షన్‌లో మొదటిసారి మార్క్ జరపడమే మర్చిపోయాను, ఐదో జంపులో జరిపింది చాలలేదు. ఆరు జంపులూ వేశాక కూడా మడమ నొప్పి లేదు. ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో ముందు రాసింది ఆ మాటే, 5.17 తర్వాత రాశాను.

ఇక మూడు వారాలు ఉంది. కాంటాక్టులు ఈ వారం 40, వచ్చే వారం 25, ఆఖరి వారం ఏమీ లేవు. స్క్వాట్ 70 కిలోలే, మూడేసి చొప్పున రెండు సెట్లు, కానీ వేగంగా లేవాలి. రేపు పొద్దున దూకకుండా నాలుగు ఫుల్ రనప్‌లు. గాలి ఎటు వీస్తోందో చూడటానికి చెక్ మార్క్ పక్కన పుల్లకి రిబ్బన్ ముక్క కట్టమని మావాడికి చెప్పాను.